చిత్తూరుకు, తిరుపతికి: మనలోని భాషను ప్రయోగంతో పరీక్షించడం ఎలా?

తిరుపతి బస్టాండులో ఒక పూట నిలబడి వింటే తెలుగులోని ఒక సూక్ష్మమైన నియమం పదేపదే చెవిన పడుతుంది. నగరికి పోయే బస్సు ఎక్కడ ఆగుతుందని ఒకరు అడుగుతారు, పాకాలకు టిక్కెట్టు ఎంతని ఇంకొకరు అడుగుతారు. చంద్రగిరికి, శ్రీకాళహస్తికి, తిరుపతికి అంటాం. పుత్తూరుకు, పీలేరుకు, మదనపల్లెకు అంటాం. మాట చివర ఇకారం ఉంటే ‘కి’, లేకపోతే ‘కు’. కోస్తా జిల్లాల మాటల్లో ‘కి’ చాలాచోట్లకు పాకింది గానీ, మన వైపు ‘కు’ ఇంకా గట్టిగానే నిలిచి ఉంది. వ్యాకరణం చదవని మనిషిని ఆపి ఈ నియమం చెప్పమంటే చెప్పలేడు. అయినా అదే మనిషి జీవితంలో ఎన్నడూ వినని ఊరి పేరు చెప్పినా దానికి సరైన ప్రత్యయం తగిలించి, ఆ ఊరికి బస్సు ఎన్ని గంటలకని అడుగుతాడు. నాలుగైదేళ్ళ పిల్లలు కూడా ఇబ్బంది లేకుండా ఆ పని చేస్తారు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. ఆ పిల్లకు నియమం వచ్చా, లేక విన్న ప్రతి మాటనూ దాని ప్రత్యయంతో సహా బట్టీ పట్టిందా? ‘తిరుపతికి’ అన్న మాటను వంద సార్లు విన్న పిల్ల ‘తిరుపతికి’ అంటే అది నియమం తెలిసి అన్నదో, జ్ఞాపకంతో అన్నదో బయటికి తేడా కనిపించదు. మామూలు సంభాషణను ఎంత శ్రద్ధగా విన్నా, ఎన్ని గంటలు రికార్డు చేసినా ఈ రెండింటినీ విడదీయడం కష్టం. విడదీయాలంటే మామూలు జీవితంలో జరగని ఒక సన్నివేశాన్ని మనమే కల్పించాలి. భాషను అర్థం చేసుకోవడంలోనూ నేర్చుకోవడంలోనూ మనసు చేసే పనిని ప్రయోగాలతో పరిశీలించే శాస్త్రాన్ని మనోభాషాశాస్త్రం అంటున్నాం. దాని కిటుకంతా ఆ కల్పనలోనే ఉంది.

1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు చేసిన పని దీనికి చక్కని ఉదాహరణ. ఆమె నాలుగు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లలకు పక్షిలాంటి ఒక వింత జంతువు బొమ్మ చూపించి, దీని పేరు ‘వగ్’ అని చెప్పింది. ఆ పేరు ఇంగ్లీషులో లేదు, ఆమె కల్పించినదే. తరవాత అలాంటివే రెండు ఉన్న బొమ్మ చూపించి, ఇప్పుడు రెండు ఏమున్నాయని వాక్యాన్ని సగంలో ఆపింది. పిల్లలు ‘వగ్స్’ అని పూర్తి చేశారు. ఆ మాటను వాళ్ళు ఎక్కడా విని ఉండే అవకాశం లేదు కాబట్టి, బహువచనం చేసే పద్ధతి వాళ్ళలో ఉందని ఒప్పుకోక తప్పదు. ఈ ప్రయోగాన్ని చెప్పేవారు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం దాని రెండో సగం ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది. ‘గ్లాస్’ అనే మాటకు ‘గ్లాసెస్’ అని సరిగ్గా చెప్పిన పిల్లలే, ‘టాస్’ అనే కల్పిత పదం దగ్గరికి వచ్చేసరికి చాలామంది తడబడి దాన్ని మార్చకుండా వదిలేశారు. అంటే ‘గ్లాసెస్’ వాళ్ళకు జ్ఞాపకంగా వచ్చింది, నియమంగా ఇంకా రాలేదు. సరైన జవాబు వెనక రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చునని, కల్పిత పదం వాటిని విడదీస్తుందని ఆ తడబాటే చూపించింది.

మా మేనకోడలికి నాలుగేళ్ళప్పుడు నేను ఇదే పని ఇంట్లో చేసి చూశాను. బంకమట్టితో ఒక బొమ్మ చేసి దీని పేరు ‘గిబ్బి’ అన్నాను. పక్కన ఇంకొకటి చేసి పెట్టి, ఇప్పుడు ఇక్కడ రెండు ఏమున్నాయి అని అడిగాను. పాప కొంచెం కూడా ఆలోచించకుండా ‘గిబ్బులు’ అంది. ‘గిబ్బిలు’ అనలేదు. పిల్లి పిల్లులైనట్టు, బల్లి బల్లులైనట్టు, చివరి ఇకారాన్ని ఉకారం చేసి మరీ ‘లు’ చేర్చింది. కాసేపటికి తనంతట తానే ‘గిబ్బికి ఆకలేస్తాంది’ అని ప్లేటు తెచ్చుకుంది. నాకు ఒళ్ళు పులకరించింది. అయితే ఒక పాప, ఒక బొమ్మ, ఎదురుగా ముద్దు చేసే మేనమామ ఉంటే అది ప్రయోగం కాదు. ‘గిబ్బి’ అనే శబ్దం ‘పిల్లి’కి మరీ దగ్గరగా ఉండి, పాప దాన్ని అనుకరించి ఉండవచ్చు. నా గొంతులోనో ముఖంలోనో జవాబు తొంగిచూసి ఉండవచ్చు. ప్రయోగం కావాలంటే ఎంతోమంది పిల్లలు, రకరకాల ముగింపులున్న ఎన్నో కల్పిత పదాలు, జవాబు మీద మమకారం లేని మనిషి అడగడం, ఇవన్నీ కావాలి.

మన భాష మనకు తెలుసు కదా, లోపలికి చూసుకుని చెప్పలేమా అని కొందరు అడుగుతారు. చెప్పలేం. అన్నం తిన్నవాడికి అది ఎలా అరుగుతుందో తెలియనట్టే, మాట విన్నవాడికి అది ఎలా అర్థమైందో తెలియదు. అర్థం మాత్రం చేతికి అందుతుంది, దాన్ని వండిన పొయ్యి కనిపించదు. ఆ పని సెకనులో మూడో వంతు, నాలుగో వంతు సమయంలో ముగిసిపోతుంది కాబట్టి గమనించే వ్యవధి కూడా మనకు లేదు. అందుకే ఈ శాస్త్రం మనిషి అభిప్రాయాన్ని అడగడం తగ్గించి, అతడికే తెలియకుండా బయటపడే చిన్న చిన్న ఆనవాళ్ళను కొలుస్తుంది. మీట నొక్కడంలో ఆలస్యం ఎంత, చూపు ఏ బొమ్మ మీదికి ఎప్పుడు మళ్ళింది, తలకు అంటించిన ఎలక్ట్రోడ్లలో విద్యుత్తు ఎప్పుడు ఊగింది అన్నవే దీనికి ఆధారాలు.

మాటలు రాని పసిపిల్లల విషయంలో ఈ నేర్పు మరింత అవసరం. 1971లో పీటర్ ఐమాస్, ఆయన సహచరులు నెల వయసు, నాలుగు నెలల వయసు పిల్లల నోటికి కొలిచే పరికరం అమర్చిన పాలపీకను అందించారు. బిడ్డ గట్టిగా చప్పరించినప్పుడల్లా ‘బ’ అనే శబ్దం వినిపిస్తుంది. విని విని విసుగు పుట్టి చప్పరింత నెమ్మదించాక శబ్దాన్ని ‘ప’గా మార్చారు. చప్పరింత మళ్ళీ జోరందుకుంది. అంటే బిడ్డ తేడాను పట్టింది. ఆ రెండు శబ్దాలకూ మధ్య తేడా, పెదవులు విడిన తరవాత కంఠనాదం మొదలవడంలో 20 మిల్లీసెకన్ల ఆలస్యం మాత్రమే. రెండు శబ్దాలూ ‘ప’గానే వినిపించేలా ఉంచి అంతే వ్యవధి తేడా పెట్టినప్పుడు మాత్రం పిల్లలు అలా స్పందించలేదు.

తెలుగువారికి ఇంకా దగ్గరగా వచ్చే ప్రయోగం 1984లో వెలువడింది. కెనడాకు చెందిన జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని దంత్య ‘త’కారాన్ని, మూర్ధన్య ‘ట’కారాన్ని ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసిపిల్లలకు వినిపించారు. శబ్దం మారినప్పుడు తల తిప్పితే పక్కనున్న పెట్టెలో బొమ్మ వెలిగి కదులుతుందని పిల్లలకు ముందే అలవాటు చేశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఈ తేడాను చక్కగా గుర్తించారు. పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. హిందీ ఇళ్ళలో పెరిగే పిల్లల్లో మాత్రం అది నిలిచే ఉంది. పాత అంటే ఒకటి, పాట అంటే మరొకటి, కోత, కోట, పూత, పూట, ఈ జతలు మనకు పగలూ రాత్రీ అంత స్పష్టంగా వేరు. ఇంగ్లీషు మాట్లాడే పెద్దలకు ఇవి వేరుగా వినిపించకపోతే వాళ్ళ చెవి మొద్దుబారిందని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళూ ఈ తేడా వినగలిగే పుట్టారు. వాళ్ళ భాషకు అవసరం లేక మొదటి ఏడాదిలోనే చెవి దాన్ని పక్కన పెట్టింది. భాష నేర్చుకోవడమంటే కొత్తవి కూడబెట్టుకోవడమే అనుకునే నాబోటివారికి, అందులో వదులుకోవడం కూడా ఇంత ఉందని తెలియడం పెద్ద విషయం.

శబ్దాలు పట్టుబడ్డాక మాటలు పట్టుబడాలి. ఇక్కడ చిక్కు ఏమిటంటే, మాటకూ మాటకూ మధ్య ఖాళీ అనేది రాతలోనే ఉంది, నోటి మాటలో లేదు. అలిపిరి మెట్ల దారిలో గుంపుగా నామాలు చెప్పుకుంటూ నడిచేవారిని భాష రాని మనిషి వింటే, తెగని ధ్వని ప్రవాహమే అతడి చెవికి చేరుతుంది. తల్లి చంకలో ఉన్న ఎనిమిది నెలల బిడ్డ పరిస్థితీ అదే. ఆ బిడ్డకు ‘గోవిందా’ అనేది ఒక మాట అని ఎలా తెలియాలి? కేవలం గోవిందా, గోవిందా అని మాత్రమే ఒకే స్వరంతో ఆగకుండా వినిపిస్తే తెలిసే దారి లేదు. ఎందుకంటే ఆ గొలుసులో ‘గోవిందా’ ఎన్నిసార్లు వస్తుందో ‘విందాగో’ కూడా దాదాపు అన్నిసార్లే వస్తుంది. కానీ మధ్యలో నామాలు మారుతుంటే లెక్క మారుతుంది. ‘గో’ తరవాత దాదాపు ప్రతిసారీ ‘విం’ వస్తుంది, ‘విం’ తరవాత దాదాపు ప్రతిసారీ ‘దా’ వస్తుంది. ‘దా’ తరవాత ఏమొస్తుందో మాత్రం వచ్చే నామాన్ని బట్టి ఉంటుంది. తరవాతి అక్షరాన్ని ఊహించడం ఎక్కడ తేలికో అక్కడ మనం మాట లోపల ఉన్నాం. ఊహ ఎక్కడ సడలుతుందో అక్కడ మాట ముగిసింది.

పసిపిల్లలు నిజంగా ఇలాంటి లెక్క వేయగలరా అన్నది 1996లో జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ పరీక్షించారు. మూడేసి అక్షరాలున్న నాలుగు కల్పిత పదాలను యంత్రం చేత, ఎక్కడా విరామం గానీ ఊనిక గానీ లేకుండా పలికించి, ఎనిమిది నెలల పిల్లలకు రెండే రెండు నిమిషాలు వినిపించారు. పదం లోపల ఒక అక్షరం తరవాత ఇంకొకటి తప్పనిసరిగా వస్తుంది. పదం సరిహద్దులో మాత్రం మూడింటిలో ఏదో ఒకటి రావచ్చు. తరవాత కొన్నిసార్లు ఆ పదాలనూ, కొన్నిసార్లు సరిహద్దు దాటి ముక్కలు కలిపిన పదాలనూ వినిపించి, బిడ్డ ఎంతసేపు వింటుందో కొలిచారు. ముక్కలు కలిపిన వాటిని పిల్లలు ఎక్కువసేపు విన్నారు. కొత్తగా అనిపించినదాన్ని ఎక్కువసేపు వింటారు కాబట్టి, రెండు నిమిషాల్లోనే పాత మాటలేవో కొత్త కలయికలేవో వాళ్ళకు తెలిసిందన్నమాట. యంత్రం చేత పలికించడమూ, విరామం తీసేయడమూ కృత్రిమం కాదా అంటే కృత్రిమమే. రాగం, విరామం, తల్లి ముఖం, చేతి సైగ వంటి ఆధారాలన్నీ తీసేస్తేనే మిగిలిన ఆ ఒక్క ఆధారం పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. నిజ జీవితంలో బిడ్డకు అన్నీ కలిసే అందుతాయి.

అలా అందడంలో మనిషి పాత్ర ఎంత అన్నది వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా కూల్ బృందం 2003లో చూపించింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలతో చైనీస్ మాట్లాడేవారు పన్నెండు విడతలుగా ఎదురుగా కూర్చుని ఆడుతూ, పుస్తకాలు చదివి వినిపించారు. ఆ పిల్లలు చైనీస్‌లోని ప్రత్యేక శబ్దాల తేడాను గుర్తించడం నిలుపుకున్నారు. అవే మాటలను వీడియోలోనో, కేవలం ధ్వనిగానో అంతే సమయం అందించిన పిల్లల్లో ఆ ఫలితం కనిపించలేదు. బిడ్డ ముందు ఫోను పెట్టి పాటలు వినిపిస్తే భాష వస్తుందని నమ్మే తల్లిదండ్రులు ఈ ప్రయోగాన్ని తెలుసుకోవాలని నాకు గట్టిగా ఉంది. అయితే అది పరీక్షించింది ఆ వయసునూ, ఆ శబ్దాలనూ మాత్రమే అన్న సంగతి కూడా వాళ్ళకు చెప్పాలి.

ఇక భాష వచ్చిన పెద్దవాళ్ళ సంగతి. మన ‘అడుగు’ అనే మాటనే తీసుకోండి. నడిచేటప్పుడు వేసేది అడుగు, గుడ్డను కొలిచేది అడుగు, గిన్నె కింది భాగం అడుగు, తెలియనిది తెలుసుకోవాలంటే అడుగు. ‘అన్నం అడుగు మాడింది’ అని విన్నప్పుడు మిగిలిన అర్థాలు మనకు స్ఫురించనే లేదని ప్రమాణం చేసి చెబుతాం. 1979లో డేవిడ్ స్విన్నీ ఇంగ్లీషులో ఇలాంటి నానార్థ పదాలతో చేసిన ప్రయోగం మన ప్రమాణాన్ని నమ్మవద్దంటుంది. పురుగులనీ, దొంగచాటుగా వినే యంత్రాలనీ రెండు అర్థాలున్న ఒక పదాన్ని, పురుగుల గురించేనని స్పష్టంగా ఉన్న వాక్యంలో వినిపించి, సరిగ్గా ఆ పదం ముగిసిన క్షణాన తెర మీద ఒక అక్షరాల వరుసను చూపి, అది నిజమైన పదమా కాదా చెప్పమన్నారు. చీమ అన్న పదాన్నే కాదు, గూఢచారి అన్న పదాన్ని కూడా జనం త్వరగా గుర్తించారు. మూడు అక్షరాల వ్యవధి గడిచాక చూపిస్తే చీమకు మాత్రమే ఆ లాభం మిగిలింది. అంటే రెండు అర్థాలూ ముందు మేల్కొన్నాయి, సందర్భానికి సరిపడనిది వెంటనే అణిగిపోయింది. విన్న మనిషికి ఇదేదీ తెలియదు.

అర్థం కుదరనప్పుడు మెదడు ఎంత త్వరగా స్పందిస్తుందో 1980లో మార్తా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ నమోదు చేశారు. అమ్మ దోసెను అట్లకాడతో తిరగేసింది అనవలసిన చోట గొడుగుతో తిరగేసింది అన్నామనుకోండి. అలాంటి పొసగని మాట కనబడిన 400 మిల్లీసెకన్ల ప్రాంతంలో తలపై కొలిచే విద్యుత్తులో రుణావేశం వైపు ఒక ప్రత్యేకమైన ఊపు వస్తుంది. వాక్యం వ్యాకరణరీత్యా సరిగ్గానే ఉన్నా వస్తుంది.

వాక్య నిర్మాణం దగ్గరికి వచ్చేసరికి తెలుగుకు ప్రత్యేకమైన ప్రశ్నలు ఎదురవుతాయి. ఇంగ్లీషులో క్రియ వాక్యం మధ్యలోనే వచ్చి దారి చూపిస్తుంది. తెలుగులో క్రియ చివరిదాకా రాదు. అప్పటిదాకా మనం ఖాళీగా కూర్చుంటామా? యుకి కమిడే, గెరీ ఆల్ట్‌మన్, సారా హేవుడ్ 2003లో ప్రచురించిన జపనీస్ ప్రయోగం అలా కూర్చోం అని చెబుతుంది. జపనీస్‌లోనూ క్రియ చివరే వస్తుంది, మన ‘కి, కు’లకూ ‘ని, ను’లకూ సాటివచ్చే ప్రత్యయాలు ఉన్నాయి. వడ్డించే అమ్మాయి, ఆమె దగ్గరికి వచ్చిన గిరాకీ, తినే వస్తువు ఉన్న బొమ్మను చూస్తూ, ‘అమ్మాయి గిరాకీకి’ అన్నంతవరకు విన్నవారి చూపు, క్రియ రాకముందే తినే వస్తువు మీదికి ఎక్కువగా మళ్ళింది. ‘గిరాకీని’ అన్నట్టుగా విన్నప్పుడు అంతగా మళ్ళలేదు. ఒక్క ప్రత్యయంతోనే ఏదో ఇవ్వబోతున్నారన్న ఊహ సిద్ధమైపోయిందన్నమాట.

తెలుగులో ఇలాంటి ప్రయోగాన్ని ఎలా కట్టాలో ఒక ఉదాహరణతో కొంచెం వివరంగా చూపుతాను, ఎందుకంటే ఈ శాస్త్రంలో కష్టమంతా కట్టడంలోనే ఉంది. ‘రవి అన్నం తిన్న కుర్రవాణ్ణి చూపించాడు’ అనే వాక్యాన్ని మాట తరవాత మాటగా చదవండి. ‘రవి అన్నం తిన్న’ దాకా వచ్చేసరికి తిన్నది రవే అనిపిస్తుంది. రవి అన్నం తిన్న హోటలు అనో, రవి అన్నం తిన్న పళ్ళెం అనో వాక్యం సాగవచ్చు. ‘కుర్రవాణ్ణి’ అనే మాట రాగానే ఆ కట్టడం కూలుతుంది. తిన్నది కుర్రవాడు, రవి కాదు. చదివేవారు అక్కడ తడబడతారా? తెర మీద ఒక్కొక్క మాటే చూపించి, మీట నొక్కితే తరవాతి మాట వచ్చేలా చేస్తే ఏ మాట దగ్గర ఎంతసేపు ఆగారో తెలుస్తుంది. కానీ ‘కుర్రవాణ్ణి’ దగ్గర ఎక్కువసేపు ఆగితే అది తడబాటు వల్లనే అని ఎలా చెబుతాం? ఆ మాట పొడవైనది, అందులో ఒత్తులున్నాయి, వాక్యంలో నాలుగోది. ఆలస్యానికి ఇవన్నీ కారణాలు కావచ్చు.

అందుకని జతగా ఇంకో వాక్యం కావాలి: ‘రవికి అన్నం తిన్న కుర్రవాణ్ణి చూపించాను.’ ఇందులో ‘రవికి’ అన్నాక తిన్నది రవి అయ్యే వీలు లేదు. కాబట్టి తప్పుదారి పట్టే ప్రమాదం తగ్గుతుంది. అదే మాట, అదే స్థానం, ముందున్న రెండు మాటలూ అవే. అక్కడిదాకా తేడా ఒక్క ‘కి’ మాత్రమే. ఇప్పుడు ఈ రెండు వాక్యాల్లో ‘కుర్రవాణ్ణి’ దగ్గర పట్టిన సమయాలను పోలిస్తే ఆ పోలికకు ఒక అర్థం ఉంటుంది. మిగిలినవన్నీ సమంగా ఉంచి ఒక్కదాన్నే మార్చడం అంటే ఇదే. ఇంతటితోనూ పని ముగియదు. ఒకే మనిషి రెండు వాక్యాలూ చూస్తే రెండోసారి తేలికగా చదువుతాడు కాబట్టి, సగం మందికి ఒకటి, సగం మందికి మరొకటి చూపాలి. ఇదే తరహా వాక్యాలు వరసగా వస్తే కిటుకు తెలిసిపోతుంది కాబట్టి మధ్యమధ్య సంబంధం లేని వాక్యాలు కలపాలి. రవీ కుర్రవాడూ ఉన్న ఒక్క జత చాలదు, ఇలాంటి జతలు ఇరవయ్యో ముప్పయ్యో కావాలి. హెర్బర్ట్ క్లార్క్ 1973లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం ఈ చివరి విషయాన్నే ఎత్తిచూపింది: ఎంతమంది మనుషులను పరీక్షించినా, నాలుగే మాటలతో పరీక్షిస్తే తేలిన ఫలితం ఆ నాలుగు మాటలకే చెందవచ్చు, భాషకు చెందనక్కరలేదు.

భారతదేశంలో జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. రమేశ్ మిశ్రా, ఫాల్క్ హ్యూటిగ్, వారి సహచరులు 2012లో ప్రచురించిన పనిలో, బాగా చదువుకున్నవారూ, చదువు అంతగా అబ్బనివారూ హిందీ వాక్యాలు వింటూ బొమ్మలు చూశారు. హిందీలో విశేషణం నామవాచకం లింగాన్ని బట్టి మారుతుంది కాబట్టి, విశేషణం వినగానే ఏ బొమ్మ పేరు రాబోతోందో ఊహించవచ్చు. చదువుకున్నవారి చూపు విశేషణం దగ్గరే కదిలింది. చదువు అంతగా లేనివారి చూపు అసలు పేరు విన్న తరవాతే కదిలింది. వాళ్ళకు భాష తక్కువ వచ్చని దీని అర్థం కాదు. వాక్యాన్ని వాళ్ళూ సరిగ్గానే అర్థం చేసుకున్నారు. చదవడం అనే అలవాటు వినే తీరును కూడా మార్చుతుందేమో అన్నది ఇక్కడి ప్రశ్న. ఈ ప్రయోగాన్ని తెలుగులోకి యథాతథంగా దించడం కుదరదు, మన విశేషణాలు లింగాన్ని బట్టి మారవు. పొడవాటి మనిషి, పొడవాటి తలుపు, రెండూ ఒకటే. కానీ మనకు సంఖ్యలు ఉన్నాయి. ‘మీరిప్పుడు చూడబోయే ముగ్గురు’ అనగానే మనుషుల బొమ్మ వైపు, ‘మీరిప్పుడు చూడబోయే మూడు’ అనగానే మేకల బొమ్మ వైపు చూపు మళ్ళాలి. తెలుగు ప్రయోగం తెలుగు నుంచే పుట్టాలని నేను అనడం ఇందుకే.

చదువు గురించే ఇంకొక మాట. పోర్చుగల్‌లో జోసే మొరాయిస్ బృందం 1979లో చదువు రాని పెద్దలను ఒక మాట మొదటి ధ్వనిని తీసేసి మిగిలింది చెప్పమంటే చాలామంది చెప్పలేకపోయారు. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నవారు చెప్పగలిగారు. ‘తిరుమల’లో ‘తి’ తీసేయమంటే మన పిల్లలు ‘రుమల’ అని నవ్వుతూ చెబుతారు. ‘మల’లో ‘మ్’ మాత్రమే తీసేసి ‘అల’ అనడం వేరే పని. మన లిపిలో ‘మ’ ఒకే అక్షరం కదా. కన్నడ లిపి నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, గుణింతాలూ ఒత్తులూ పూర్తిగా పట్టుబడడానికి ఇంగ్లీషు అక్షరాలకంటే ఎక్కువ ఏళ్ళు పడుతుందనీ, ధ్వనిని విడదీసి చూసే ఎరుక కూడా నెమ్మదిగా వస్తుందనీ చూపింది. తెలుగు లిపి దానికి తోబుట్టువు. ఒకటో తరగతి పిల్ల ఒత్తుల దగ్గర ఆగిపోతే మొద్దు అని ముద్ర వేసే ముందు టీచర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రయోగం కానిదాన్ని ప్రయోగమని పొరబడకుండా ఉండడం కూడా ముఖ్యం. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తుల వివరాలను పరిశీలించి, రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో ప్రకటించింది. చదువు లేనివారిలో కూడా ఆ తేడా కనిపించడం దీని బలం. ఇది చాలా విలువైన పరిశీలన. అయినా ఇది పరిశీలనే. ఎవరు ఎన్ని భాషలు మాట్లాడాలో పరిశోధకులు నిర్ణయించలేదు, జీవితం నిర్ణయించింది. భాషలతో పాటు ఇంకేవైనా తేడాలు కూడా ఆ మనుషుల జీవితాల్లో ఉండి ఉండవచ్చు. వాటిని లెక్కలోకి తీసుకోవడానికి ఆ బృందం ఎంత శ్రమపడినా, ఒక్కదాన్నే మార్చి చూసే వెసులుబాటు వారికి లేదు.

రెండు భాషలంటే ఇతరులకు విశేషం గానీ మన ప్రాంతంలో అది మామూలు విషయం. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు తమిళం ఇంట్లో, తెలుగు బడిలో ఉన్న పిల్లలు ఎందరో. కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా కలుస్తుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో నెలకొల్పడానికి ఈ మూడు భాషల కూడలే కారణం. ఇలాంటి చోట వేరే ప్రాంతంలో తయారైన పరీక్షను తెచ్చి పెడితే ఏమవుతుందో నేను దగ్గరగా చూశాను. బొమ్మలు చూపి పేర్లు వినిపించే ఒక పరీక్ష అది. ‘ఉల్లిపాయ ఏది’ అని రికార్డులోని గొంతు అడిగింది. పలమనేరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆరేళ్ళ పిల్లవాడు నాలుగు బొమ్మలనూ చూశాడు, మళ్ళీ చూశాడు, వేలు గాలిలోనే ఆగింది. చివరికి సరైన బొమ్మ మీదే వేలు పెట్టి, ‘ఇది ఎర్రగడ్డ’ అన్నాడు. వాళ్ళ ఇంట్లో ఉల్లి ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళదుంప ఉర్లగడ్డ. కాగితం మీద అతడి జవాబు సరైనదే, కానీ సమయం మాత్రం ఆలస్యం. ఆ ఆలస్యం పిల్లవాడి బుద్ధిది కాదు, పరీక్షది. మనం ఎంత తరచుగా వినే మాటైతే అంత త్వరగా గుర్తిస్తామన్నది ఈ శాస్త్రంలో అందరూ ఒప్పుకునే విషయాల్లో ఒకటి. అలాంటప్పుడు ఏ మాట ఏ ఊళ్ళో తరచుగా వినిపిస్తుందో లెక్క కట్టకుండా మిల్లీసెకన్లు కొలిస్తే, మనం కొలిచేది పిల్లవాణ్ణి కాదు, అతడి ఊరికీ మన పుస్తకానికీ మధ్యనున్న దూరాన్ని.

అదే పిల్లలు మనకు ఇచ్చే అవకాశం కూడా అంతే పెద్దది. తమిళం రాతలో ఇకారం తరవాత కూడా ‘క్కు’ అనే ఉంటుంది. మనలాగా ‘కి’ అని మారదు. కన్నడంలో ‘గె’, ‘కె’ ఉన్నాయి. ఇంట్లో తమిళం వింటూ బడిలో తెలుగు నేర్చుకునే నగరి పిల్లకు, ఇంట్లో బడిలో ఒకే తెలుగు వినే పీలేరు పిల్లకు, మూడు భాషల మధ్య తిరిగే కుప్పం పిల్లకు, ఎవరూ ఎక్కడా విననంత కొత్త పేర్లున్న ఊళ్ళ బొమ్మలు ఇరవై గీసి చూపించాలి. కొన్ని ఇకారంతో ముగియాలి, కొన్ని ఉకారంతో, కొన్ని అకారంతో. పిల్లల చేతికి ఒక బొమ్మ బస్సు ఇచ్చి, దీన్ని ఎక్కడికి పంపుదామని అడగాలి. అడిగేవారు ‘కి’ గానీ ‘కు’ గానీ తాము పలకకుండా జాగ్రత్తపడాలి, కాబట్టి ఆ ‘ఎక్కడికి’ని కూడా మార్చి, ‘ఈ బస్సు ఏ ఊరు పోతుంది, ఎవరు చెబుతారు’ అనాలి. తరవాత పిల్ల నోట వచ్చే మాట చివరి అక్షరాన్ని రాసుకోవాలి.